అనేక శాఖలు - ఒకే లెక్క

ఒక ఊరిలో ఒక బట్టల దుకాణము ఉన్నదనుకొందము. యజమాని ఉదయమున దుకాణము తెరచును, రాత్రి మూయును. వచ్చిన సరకు, అమ్మిన సరకు, రావలసిన బాకీలు, ఇయ్యవలసిన బాకీలు అన్నియు ఆయన చిట్టా ఆవర్జాలలో ఉండును. ఏదైన ఒక పద్దుపై సందేహము కలిగినచో బీరువా తెరచి తానులు లెక్కించి చూచుకొనవచ్చును. పుస్తకము, సరకు, యజమాని మూడును ఒకే కప్పు క్రింద ఉన్నవి.

వ్యాపారము పెరిగినది. విజయవాడలోని ఆ వర్తకుడు గుంటూరులో ఒక శాఖను, రాజమహేంద్రవరములో మరియొక శాఖను తెరచెను. ఇప్పుడు ఆవర్జాలు ఎన్ని ఉండవలెను? ఒకటియా, మూడా? ఒకటే అయినచో అది ఏ ఊరిలో ఉండవలెను? మూడైనచో, గుంటూరు పుస్తకమునకును విజయవాడ పుస్తకమునకును పొంతన కుదరనప్పుడు దేనిని నమ్మవలెను?

చూచుటకు ఇది గుమాస్తాలు తేల్చుకొనవలసిన చిన్న ప్రశ్నవలె కనిపించును. కాని ఆరు వందల సంవత్సరములుగా పెద్ద పెద్ద సంస్థలు ఈ ప్రశ్నతో పెనుగులాడినవి. నేడు కంప్యూటరులో విషయములను క్రమపరచి భద్రపరచు ఏర్పాటును దత్తాంశ నిధి అనుచున్నాము. అనేక శాఖలు గల వ్యాపారమునకు దత్తాంశ నిధిని ఎట్లు నిర్మింపవలెనన్న శాస్త్రము ఈ పెనుగులాటనుండియే పుట్టినది.

ఫ్లారెన్సు వర్తకుల పుస్తకములు

ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరమున 1397లో జొవాన్ని ది బిచ్చి అను మెదిచి వంశీయుడు ఒక బ్యాంకు స్థాపించెను. పదునైదవ శతాబ్దములో దానికి రోము, వెనిసు, జెనీవా, బ్రూజ్, లండను, మిలాను మున్నగు నగరములలో శాఖలు ఏర్పడెను. ఆ కాలమున ఒక నగరమునుండి మరియొక నగరమునకు ఉత్తరము చేరుటకు రోజులు, కొన్నిచోట్లకు వారములు పట్టుచుండెను. కావున ఒకే పుస్తకము అన్ని శాఖలకు చాలుట అసాధ్యము. మెదిచి వారు ప్రతి శాఖను ఒక ప్రత్యేక భాగస్వామ్య సంస్థగా ఏర్పరచిరి. ప్రతిదానికి వేరు మూలధనము, వేరు పుస్తకములు, భాగము గల ఒక నిర్వాహకుడు. సంవత్సరమునకు ఒకసారి లెక్కలు ముగించి, ఆస్తి అప్పుల పట్టికను ఫ్లారెన్సునకు పంపుచుండిరి.

ఈ ఏర్పాటులో ఒక లాభము ఉండెను. 1455లో మిలాను వర్తకుడొకడు, తాను కొన్న ఉన్ని మూటలు సరిగా కట్టబడలేదని బ్రూజ్ శాఖపై వ్యాజ్యము వేసెను. ఆ మూటలు లండను శాఖనుండి వచ్చినవి. బ్రూజ్ శాఖ తరఫున తొమాసో పోర్తినారి, లండను శాఖ వేరు, తమ శాఖ వేరు అని వాదించెను. యజమానులు ఒక్కరే అయినను సంస్థలు వేరని న్యాయస్థానము అంగీకరించెను. ఒక శాఖ నష్టము మరియొక శాఖను అంటకుండుటకు వేరు పుస్తకములు ఈ విధముగా ఒక గోడవలె ఉపయోగపడెను.

కాని గోడ నష్టమును మాత్రమే గాక వార్తను కూడ ఆపును. తరువాతి కాలమున అదే పోర్తినారి బ్రూజ్ నిర్వాహకుడై, బర్గండీ ప్రభువైన చార్లెసునకు పెద్ద మొత్తములు అప్పిచ్చెను. 1477లో ఆ ప్రభువు యుద్ధమున మరణించెను. సంవత్సరమున కొకసారి వచ్చు పట్టికలో ఒక అప్పు రావలసిన సొమ్ముగా కనిపించునే గాని, అది వచ్చునో రాదో ఫ్లారెన్సులో కూర్చున్నవారికి తెలియుట కష్టము. 1494లో మెదిచి వారు ఫ్లారెన్సునుండి వెడలగొట్టబడిరి. బ్యాంకు అంతటితో ముగిసెను. పతనమునకు రాజకీయ కారణములు, నిర్వాహకుల సాహసములు మున్నగునవి అనేకము కలవు. అయినను ఒక పాఠము స్పష్టము: శాఖలు తమ పుస్తకములను తామే వ్రాసికొని, కేంద్రము ఆలస్యముగా చదివినచో, కేంద్రమునకు తెలియునది గడచిన సంగతియే గాని జరుగుచున్న సంగతి కాదు.

టీ దుకాణములు కోరిన కంప్యూటరు

ఇరువదవ శతాబ్దమునకు వత్తము. జె. లయన్స్ అను ఇంగ్లీషు సంస్థ 1894లో లండనులోని పికడిలీ వీథిలో మొదటి టీ దుకాణమును తెరచెను. తరువాత వాటి సంఖ్య రెండు వందలు దాటెను. రొట్టెలు, కేకులు, వంటకములు కేంద్ర వంటశాలలలో తయారై ప్రతిదినము దుకాణములకు పోవలెను. ఎక్కువ పంపినచో మరునాటికి చెడిపోవును. తక్కువ పంపినచో గిరాకి పోవును. ఒక్కొక్క కేకుపై లాభము స్వల్పమే. కావున లెక్క తప్పినచో వ్యాపారమే తప్పును.

ఈ సంస్థ 1947లో ఇద్దరు ఉద్యోగులను అమెరికాకు పంపి, అక్కడ కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ గణన యంత్రములను చూచి రమ్మనెను. వారి సలహాపై కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ నిర్మించుచున్న ఎడ్సాక్ యంత్రమునకు లయన్స్ వారు ధనసహాయము చేసిరి. 1949లో ఎడ్సాక్ పని చేసెను. దానిని మాదిరిగా తీసికొని తమ కార్యాలయముననే లియో అను కంప్యూటరును కట్టిరి. 1951 నవంబరులో లియో రొట్టెల తయారీ విలువను లెక్కించు పనిని చేపట్టెను. వ్యాపార కార్యమునకు ప్రతి వారము క్రమముగా వాడబడిన మొదటి కంప్యూటరు ఇదియే అని చరిత్రకారులు చెప్పుదురు. దానిలో వేల కొలది వాల్వులు ఉండెను. జ్ఞాపకశక్తి పాదరసము నింపిన గొట్టములలో ఉండెను.

మన విషయమునకు ముఖ్యమైనది 1954లో మొదలైన టీ దుకాణముల సరఫరా పని. అప్పటివరకు ప్రతి దుకాణ నిర్వాహకురాలు ప్రతిదినము మరునాటికి కావలసిన సరకుల జాబితా అంతయు వ్రాసి పంపుచుండెను. డేవిడ్ కామినర్ మొదలగు వారు ఈ పనిని మొదటినుండి పరిశీలించిరి. సోమవారపు జాబితా గత సోమవారపు జాబితాకు ఇంచుమించు సమానము. మరి మారని అంకెలను ప్రతిసారి వ్రాయనేల? అందుచే ప్రతి దుకాణమునకు వారములో ఒక్కొక్క దినమునకు ఒక స్థిరమైన జాబితాను కేంద్రములో ఉంచిరి. నిర్ణీత సమయమున కేంద్ర కార్యాలయమునుండి టెలిఫోను పోవును. నిర్వాహకురాలు మార్పులను మాత్రమే చెప్పును: నేడు చలి ఎక్కువ, ఈ వంటకము ఇన్ని ఎక్కువ, ఆ కేకు ఇన్ని తక్కువ. వినుచున్నవారు అప్పటికప్పుడే వాటిని కార్డులపై రంధ్రములుగా పొడిచెదరు. లియో ఆ మార్పులను స్థిర జాబితాలతో కలిపి, మొత్తము ఎంత వండవలెనో, ఏ దుకాణమునకు ఏమి కట్టవలెనో అచ్చువేసి ఇచ్చును.

ఇందులో రెండు సూత్రములు కలవు. స్థిరముగా ఉండు విషయమును ఒకచోట ఒకసారి వ్రాయవలెను. శాఖనుండి కేంద్రమునకు పంపవలసినది మార్పు మాత్రమే. మెదిచి వారికి సంవత్సరము పట్టిన వార్త లయన్స్ వారికి కొన్ని గంటలలో అందుచుండెను.

పట్టిక వేయుటలోని రహస్యము

కాలక్రమమున కంప్యూటరుల జ్ఞాపకశక్తి పెరిగెను. 1960 తరువాతి సంవత్సరములలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చార్లెస్ బాక్‌మన్, ఐ.బి.యం. సంస్థలో మరికొందరు దత్తాంశ నిధులను నిర్మించిరి. వాటిలో ఒక విషయమునుండి మరియొక విషయమునకు ముందుగానే బాటలు వేయబడి ఉండును. ప్రోగ్రాము వ్రాయువాడు ఆ బాటలు తెలిసికొని, వాటివెంట నడచి కావలసినది వెదకికొనవలెను. బాట లేనిచోట ప్రశ్న అడుగుట కష్టము. బాట మారినచో ప్రోగ్రాములన్నియు మార్చవలెను.

1970లో ఐ.బి.యం. వారి సాన్ హోసే పరిశోధనాలయమున పనిచేయుచున్న ఎడ్గర్ కాడ్ అను ఆంగ్లేయుడు ఒక వ్యాసము ప్రకటించెను. గణితములోని సమితుల సిద్ధాంతమును ఆధారముగా తీసికొని ఆయన చెప్పినది ఇది: దత్తాంశములన్నియు సాదా పట్టికలుగా ఉండనిండు. బాటలు అక్కరలేదు. రెండు పట్టికలలో ఒకే గుర్తింపు సంఖ్య ఉన్నచో అదియే వాటికి సంబంధము. ఈ సంబంధ నమూనాను 1970-80ల మధ్య ఐ.బి.యం. వారును, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారును ఆచరణలో పెట్టి చూపిరి. 1981లో కాడ్‌నకు ట్యూరింగ్ బహుమానము లభించెను.

మన బట్టల వర్తకుని లెక్కకు ఇది ఎట్లు పనికివచ్చునో చూతము. తొలుత ఎవరికైన తోచు మార్గము శాఖకొక పట్టిక. అప్పుడు మూడు శాఖలలో కలిపి గద్వాల చీరలు ఎన్ని ఉన్నవని అడిగినచో మూడు పట్టికలు తెరచి కూడవలెను. రెండవ మార్గము ఒకే పట్టికలో సరకు పేరు ప్రక్కన విజయవాడ నిల్వ, గుంటూరు నిల్వ, రాజమహేంద్రవరము నిల్వ అని మూడు గళ్ళు గీయుట. ఇది మెరుగుగా కనిపించును. కాని రేపు ఏలూరులో నాలుగవ శాఖ తెరచినచో పట్టిక రూపమే మారును. దానిని చదువు ప్రోగ్రాములన్నియు మారవలెను.

సరియైన మార్గమున పట్టికలు మూడు. మొదటిది శాఖల పట్టిక: శాఖ సంఖ్య, ఊరు, చిరునామా. రెండవది సరకుల పట్టిక: సరకు సంఖ్య, పేరు, ధర. మూడవది నిల్వల పట్టిక: శాఖ సంఖ్య, సరకు సంఖ్య, ఎన్ని ఉన్నవి. శాఖలు 3, సరకులు 400 అయినచో నిల్వల పట్టికలో 1,200 వరుసలు ఉండవచ్చును. కాని ధర 400 చోట్ల మాత్రమే వ్రాయబడును. ధర మారినప్పుడు ఒక్కచోట దిద్దిన చాలును. అదే ధరను నిల్వల పట్టికలో వ్రాసియున్నచో మూడుచోట్ల దిద్దవలెను. ఒకచోట మరచినచో ఒకే చీరకు గుంటూరులో ఒక ధర, విజయవాడలో ఒక ధర అగును. ఏలూరు శాఖ తెరచినప్పుడు శాఖల పట్టికలో ఒక వరుసయు, అక్కడ పెట్టిన సరకులకు నిల్వల వరుసలును చేర్చిన చాలును. పట్టికల రూపము మారదు.

మరి యజమాని కావలెననియే శాఖకొక ధర పెట్టదలచినచో? అప్పుడు ధర సరకుపై మాత్రమే గాక శాఖపై కూడ ఆధారపడియున్నది. కావున దాని చోటు నిల్వల పట్టిక. ఏ విషయము దేనిపై ఆధారపడునో దానితోనే దానిని వ్రాయవలెను. పట్టికలు వేయుటలోని కళ అంతయు ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది.

బిల్లుల విషయమున ఒక చిక్కు కలదు. ప్రతి శాఖయు తన మొదటి బిల్లుకు 1 అని సంఖ్య వేయును. అన్నియు ఒక పట్టికలో చేరినప్పుడు మూడు ఒకటవ బిల్లులు ఎదురగును. కావున శాఖ సంఖ్య, బిల్లు సంఖ్య రెండును కలిసి ఒక గుర్తింపు కావలెను. ఊరికొక సుబ్బారావు ఉన్నప్పుడు ఊరిపేరుతో కలిపి పిలుచుకొనునట్లే ఇదియు. శాఖ సంఖ్య ప్రతి లావాదేవిపై ఉన్నచో మరియొక మేలు కూడ కలదు. గుంటూరు గుమాస్తాకు గుంటూరు వరుసలను మాత్రమే చూపవచ్చును. యజమానికి అన్నియు చూపవచ్చును. పుస్తకము ఒక్కటియే, చూచువారి అధికారమును బట్టి తెరచుకొను పుటలు వేరు.

రెండు ఊళ్ళు, ఒకే లావాదేవి

పట్టికల రూపము కుదిరినను అవి ఏ ఊరిలో ఉండవలెనన్న ప్రశ్న మిగిలియున్నది. అన్నియు విజయవాడలో ఉన్నచో, తంతి తెగిన దినమున గుంటూరులో అమ్మకము ఆగిపోవును. ఎవరి నిల్వలు వారివద్ద ఉన్నచో వేరొక అపాయము కలుగును.

గుంటూరునుండి రాజమహేంద్రవరమునకు 10 చీరలు బదిలీ చేయవలెననుకొందము. గుంటూరు పట్టికలో 10 తీసివేయబడెను. రాజమహేంద్రవరము పట్టికలో 10 చేర్చుటకు ముందు విద్యుత్తు ఆగిపోయెను. చీరలు దారిలో ఉన్నవి గాని లెక్కలో ఎక్కడను లేవు. బ్యాంకులో ఇది 10 చీరలు గాక ఒక కుటుంబము జీవితకాలము కూడబెట్టిన సొమ్ము కావచ్చును.

దీనికి 1970 తరువాత ఒక పరిష్కారము కనుగొనబడెను. 1978లో జిమ్ గ్రే దానిని వివరించి ప్రచారమునకు తెచ్చెను. దీనిని రెండంచెల ఒప్పుదల అనవచ్చును. మొదటి అంచెలో ఒక మధ్యవర్తి కంప్యూటరు రెండు శాఖలను సిద్ధమేనా అని అడుగును. ప్రతి శాఖయు ఆ మార్పును చెరగని చోట వ్రాసికొని, పిమ్మట సిద్ధము అని చెప్పును. ఇక అది మాట తప్పరాదు. రెండవ అంచెలో, ఇద్దరును ఒప్పుకొన్నచో మధ్యవర్తి జరిగినది అని ప్రకటించును. ఒక్కరు కాదన్నను, పలుకకున్నను లావాదేవి మొత్తము రద్దగును. సగము జరుగుట అనునది ఉండదు.

కాని ఇందులోను ఒక లోపము కలదు. శాఖ మాట ఇచ్చిన తరువాత మధ్యవర్తియే మూగవోయినచో, ఆ శాఖ జరిగినదని అనుకొనజాలదు, రద్దయినదని అనుకొనజాలదు. ఆ 10 చీరలను ఎవరికి అమ్మక వేచియుండవలెను. 2000లో ఎరిక్ బ్రూయర్ అను శాస్త్రజ్ఞుడు ఊహించిన ఒక విషయమును 2002లో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ గణితరీత్యా నిరూపించిరి. శాఖల మధ్య సంబంధము తెగినప్పుడు లెక్క అన్నిచోట్ల ఒక్కటిగా ఉండుట, ప్రతి శాఖయు ఆగక జవాబిచ్చుట అను రెండును ఏకకాలమున సాధ్యము కావు. ఒకదానిని వదలుకొనక తప్పదు. చీరల విషయమున అమ్మకము సాగించి లెక్క తరువాత సరిచేసికొనవచ్చును. కాని కొన్ని వస్తువులను అట్లు అమ్మరాదు. రైలులోని బెర్తు అట్టి వస్తువు.

రైలులో ఒక బెర్తు

ఒక బెర్తుపై ఒకరే పరుండగలరు. దానిని అమ్ము ఊళ్ళు మాత్రము అనేకము. కంప్యూటరులు రాకపూర్వము రిజర్వేషను ఆఫీసులో ప్రతి రైలునకు, ప్రతి తేదీకి రిజిష్టరులో పుట ఉండెడిది. నడిమి స్టేషనులకు కొన్ని బెర్తులు కోటాగా పంచి ఇచ్చెడివారు. ఇద్దరికి ఒకే బెర్తు అమ్మకుండుటకు ఇది తెలివైన ఉపాయమే. స్టేషనులు ఒకదానితో ఒకటి మాటలాడుకొననక్కరలేదు. ఎవరి వాటా వారు అమ్మవచ్చును. కాని ఒక స్టేషను కోటాలో బెర్తులు మిగిలియుండగా మరియొక స్టేషనులో ప్రయాణికులు నిరీక్షణ జాబితాలో నిలిచియుండెడివారు. విజయవాడనుండి ఢిల్లీకి పోవువాడు తిరుగు ప్రయాణమునకు టెలిగ్రాము ఇప్పించి, జవాబు కొరకు కాచుకొని యుండవలసివచ్చెడిది.

1985లో ఢిల్లీలో కంప్యూటరు ద్వారా రిజర్వేషను ప్రారంభమయ్యెను. ఆ ప్రోగ్రామును సి.యం.సి. అను ప్రభుత్వ సంస్థ తయారుచేసెను. క్రమముగా బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులలో కూడ కేంద్రములు వెలసెను. ఒక కిటికీవద్ద ఒక రైలునకే టిక్కెట్టు ఇచ్చు పద్ధతి పోయి, ఏ కిటికీవద్దనైనను ఆ కేంద్రము పరిధిలోని ఏ రైలునకైనను టిక్కెట్టు దొరకసాగెను. కాని అయిదు కేంద్రములు అయిదు ద్వీపములవలె ఉండెను. మెదిచి వారి గోడలు మరియొక రూపమున నిలిచియున్నవన్నమాట.

ఆ గోడలను తొలగించుటకు 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము కాన్సర్ట్ అను కొత్త ప్రోగ్రామును వ్రాయించెను. అది మొదట సికింద్రాబాదులో పనిచేసెను. 1999లో అయిదు కేంద్రములును అనుసంధింపబడెను. ఇందులో అవలంబించిన నిర్మాణము గమనింపదగినది. అన్ని రైళ్ళ లెక్కలను అయిదు చోట్ల నకలు తీసి ఉంచలేదు. అట్లు చేసినచో అయిదు నకళ్ళకు నిత్యము పొంతన కుదుర్చవలెను. అన్నింటిని ఒక్కచోట కూడ కుప్పవేయలేదు. ప్రతి రైలునకు ఒక స్వంత కేంద్రమును నిర్ణయించిరి. ఒక రైలు బెర్తులు ఢిల్లీ కేంద్రములో ఉన్నచో, విజయవాడ కిటికీవద్ద అడిగిన కోరిక సికింద్రాబాదు మీదుగా ఢిల్లీకి పోయి, అక్కడి పట్టికలో వ్రాయబడి, జవాబు తిరిగి వచ్చును. అమ్ము కిటికీలు వేలు. కాని ఒక రైలు లెక్క వ్రాయు చోటు ఒక్కటియే. 2002లో ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్టులు ఇచ్చుట ప్రారంభమైనప్పుడు మూల నిర్మాణము మార్చనక్కరలేకపోయెను. మరియొక కిటికీ తెరచినట్లే అయ్యెను.

మన బ్యాంకులలోను ఇట్టి మార్పే జరిగినది. యంత్రీకరణమును గురించి 1984లో రంగరాజన్ సంఘము నివేదిక ఇచ్చినప్పటినుండి శాఖలలో కంప్యూటరులు రాసాగెను. కాని చాలకాలము శాఖ కంప్యూటరు శాఖ ఆవర్జాకు బదులుగా మాత్రమే ఉండెను. 2000 తరువాత ఖాతాలన్నియు కేంద్ర దత్తాంశ నిధిలోనికి చేరిన పిమ్మట, ఖాతాదారుడు శాఖకు చెందినవాడు గాక బ్యాంకునకు చెందినవాడయ్యెను. నెల్లూరులో వేసిన సొమ్మును వరంగల్లులో తీసికొనుట వెనుక ఉన్న రహస్యము ఇదియే.

తరగతిలో ఒక పని

ఉపాధ్యాయులు ఈ విషయమును కంప్యూటరు లేకుండనే బోధింపవచ్చును. తరగతిని మూడు జట్లుగా విభజించి, ఒకే గ్రంథాలయమునకు మూడు గదులున్నవని చెప్పవలెను. పుస్తకముల పేర్లు, విద్యార్థుల పేర్లు, ఎరువిచ్చిన తేదీలు వ్రాయుటకు కాగితముపై పట్టికలు గీయుమనవలెను. ఆపైన మూడు ప్రశ్నలు వేయవలెను. ఒక విద్యార్థి పేరు తప్పు పడినచో ఎన్నిచోట్ల దిద్దవలెను? నాలుగవ గది తెరచినచో పట్టిక రూపము మారునా? రెండు గదులవారు ఒకే పుస్తకమును ఒకే నిమిషమున ఇద్దరికి వాగ్దానము చేయకుండ ఆపునదేమి? మొదటి ప్రశ్నకు ఒకచోట అనియు, రెండవదానికి మారదు అనియు జవాబు చెప్పగలిగిన జట్టు కాడ్ చెప్పిన దానిని గ్రహించినట్లే. మూడవ ప్రశ్నపై వారు తగవులాడుకొన్నచో మరియు మంచిది. పెద్దలును దానిపై చాలకాలము తగవులాడియే ఒక దారి కనుగొనిరి.

మన బట్టల వర్తకుని ప్రశ్నకు కూడ ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. పుస్తకములు ఎన్ని ఉన్నను, ఎక్కడ ఉన్నను, ఒక్కొక్క సంగతికి స్వంత ఇల్లు ఒక్కటియే ఉండవలెను. తక్కిన చోట్ల ఉన్నది దాని నకలు మాత్రమే అని అందరికి తెలిసియుండవలెను. అసలు ఏదో, నకలు ఏదో తెలిసిన సంస్థ నూరు శాఖలు తెరచినను దాని లెక్క ఒక్కటిగానే ఉండును. అది తెలియని సంస్థకు రెండవ శాఖయే బరువగును.